రంగు వేయని గునుగు

మా ఎదురింటి పెద్దమ్మ ఇక లేదని, భూపాలపల్లిలో నేను పనిచేసే బడికి బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయిందట. నర్మెట్టలో మా వాడకట్టు బతుకమ్మకు ఎన్నో ఏళ్లు పాట ఎత్తుకున్నది ఆమే. ఎవరినీ పరేషాన్ చేయకుండా పోవడం కూడా ఆమె పద్ధతే.

చుట్టాలకు నన్ను చూపించి ఎప్పుడూ ఒకటే చెప్పేది: "గీ పిల్లనే, నా చేతుల పువ్వు గుంజుకున్నది." ఆ నేరం నిజమే.

తెలంగాణ కోసం బస్సులు ఆగిపోయి, ఆడవాళ్లు బతుకమ్మలతో రోడ్డెక్కిన ఏడాది అది. పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌కు మందు ఎక్కించడం వేసవిలోనే ముగిసింది. గడ్డ పోయింది, జుట్టు మొలిచింది, తెల్లకణాలు మాత్రం పెరగలేదు. నెలనెలా నా స్కూటీ మీద జనగామ తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించేదాన్ని. కాగితం చేతికి రాకముందే అడిగేది: "బతుకమ్మ దాక ఎక్కుతయా బిడ్డా?"

"జబ్బు పోయింది. ఎముకల లోపల రక్తం తయారయ్యే చోటు ఇంకా తేరుకోలేదు. కొందరికి నెలలు పడుతుంది," అన్నాడు డాక్టరు. అప్పటిదాకా గుంపులోకి వెళ్లొద్దు, మట్టి, తాజా పూలు ముట్టొద్దన్నాడు. పూల మాట వినగానే పెద్దమ్మ మూతి తిప్పుకుంది.

ఆలోపు నేనో ఘనకార్యం చేశాను. తెల్లవి తగ్గాయని వాడకట్టంతా చెప్పాను. అంతే, బీట్‌రూట్లు తెచ్చేవాళ్లు అవి మానేసి పాలు, కొబ్బరి మోసుకొచ్చారు. మానుకోట నుంచి ఆమె చెల్లెలు సంచెడు ముల్లంగి దించింది. తిండి రంగుతో కణాలు పెరగవని డాక్టరు నవ్వినా పెద్దమ్మ ఒక్కరినీ కాదనలేదు.

"ప్రేమతోని తెచ్చిండ్రు. తినకుంటే ఆల్లు చిన్నబుచ్చుకుంటరు," అంది.

పండుగ ముందు పరీక్షలోనూ కణాలు ఎక్కలేదు. ఆడవాళ్లు ఆమె వాకిట్లో గునుగు కట్టలు పోసుకుని కూర్చున్నారు. ఆ తెల్ల కుచ్చులకు రంగులద్దడం ఎప్పుడూ ఆమె పనే. ఆ ఏడు మాస్కు కట్టుకుని గడపలో కూర్చుంది. ఎప్పుడు అందుకుందో, చేతిలో ఒక గునుగు పువ్వు. నేను గుంజుకున్నాను. పదిమందిలో కసురుకున్నాను కూడా. ఆమె ఖాళీ చేతిని కొంగుకు తుడుచుకుంది. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గునుగు కట్టల వైపు చూపి, "ఒక్క వరుసకు రంగెయ్యకుండ్రి. గా వరుస నా వాట," అంది.

అలాగే పేర్చారు. రోడ్డెక్కాల్సిన బతుకమ్మను ముందు ఆమె వాకిట్లో దించి, రెండు బారల దూరంలో ఆడాం. గడపలోంచి పాట ఆమే ఎత్తుకుంది.

మరుసటి ఏటికి కణాలు కొంత ఎక్కి, మామూలు కంటే కొంచెం తక్కువ దగ్గర నిలబడిపోయాయి. "ఈమెకు ఇక ఇంతే కావచ్చు. భయం లేదు, ఆడనివ్వండి," అన్నాడు డాక్టరు. ఆడింది. రాష్ట్రం వచ్చాక కూడా ఏటా ఆడింది. ఆ తెల్ల వరుస మాత్రం మానలేదు, నన్ను ఆటపట్టించడమూ మానలేదు.

మొన్న ఫోన్ రాగానే బయలుదేరి, జనగామలో ఆటో ఎక్కి వస్తుంటే చెలకల గట్ల మీద గునుగు పూసి ఉంది. ఆపించి పిడికెడు తెంపాను. ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. పాత అలవాటున రెండు బారల దూరంలోనే ఆగిపోయాను. తర్వాత దగ్గరికి వెళ్లి, ఆ చేతి వేళ్లు విప్పి, గునుగు పెట్టి, మళ్లీ మూశాను.