తూటాకు తంగూసు ఉండదు

నేను కొట్టిన దుప్పులు మొత్తం పదకొండు. మొదట్లో మూడే ఉండేవి. పోర్టులో క్రేన్ నడిపే రోజుల్లో భోజనాల వేళ చెప్పగా చెప్పగా ఏడయ్యాయి. రిటైరయ్యాక ఫిషింగ్ హార్బర్ గోడ దగ్గర, వలలు బాగుచేసుకునే మావాళ్ల మధ్య కూర్చోవడం అలవాటయ్యాక మిగతా నాలుగూ చేరాయి. వేట మీద నిషేధం రాకముందు, ఏజెన్సీ కొండల్లో, ఒక దొరగారి వెంట వెళ్లి కొట్టినవి. ఏ దుప్పీ రెండో తూటా అడగలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయేది, కాలు కూడా తన్నుకునేది కాదు.

నిజం ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత ధైర్యం చాలదేమో. నేను జన్మలో పేల్చింది బీచ్ రోడ్డు మీద బుడగలు కొట్టే తుపాకీ ఒక్కటే. ఆ బుడగల్లోనూ సగం ఎండకే పగిలాయని మా ఆవిడ అంటుంది.

మా చెల్లెలి కొడుకు ఈ కథలు వింటూ పెరిగాడు. మాది సముద్రం మీద బతికే కులం. తుపాకీ అన్న మాటే మా ఇళ్లలో వింత. అందుకని వాడి దృష్టిలో నేను మిగతా మావలకంటే ఒక మెట్టు పైన. ఇప్పుడు వాడికి నలభై దాటాయి. న్యూజిలాండ్‌లో ఒక చిన్న రేవులో పడవల ఇంజిన్లు బాగుచేస్తాడు. అక్కడ దుప్పులు మితిమీరి పెరిగి కొండల్ని బోడి చేస్తున్నాయట, కొట్టడానికి అనుమతి ఉంది. వాడి ఓనరు ఏటా ఒక పనివాణ్ణి వెంట తీసుకెళ్తాడు. ఈ ఏడు వీడి వంతు వచ్చింది.

ఫోన్ చేసినప్పుడు నేను గోడ దగ్గరే ఉన్నాను, చుట్టూ నలుగురు. స్పీకర్ పెట్టాను. పెట్టకుండా ఉంటే ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

“మావా, తుపాకీ ఏది తీసుకోమంటావు? నా కుడి భుజం జారింది తెలుసు కదా. పెద్దది అయితే ఎనక్కి తంతాదట.”

“ఏవేటి ఉన్నాయో సెప్పు,” అన్నాను, కళ్లు సగం మూసి.

“ఒకటి త్రీ నాట్ ఎయిట్. ఒకటి టూ ఫార్టీ త్రీ. ఇంకోటి ట్రిపుల్ టూ.”

ఆ అంకెలు తూటా లావుని చెబుతాయని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం బస్సు నంబర్లలా వినిపించాయి. మూడింట్లో మధ్యది పట్టుకుంటే ఎవరూ తప్పు పట్టరు కదా అని, “మద్దిది తీసుకో. నీ బుజానికి తేలిగ్గా ఉంటాది. దుప్పికి ఫిరంగి అక్కర్లేదు” అన్నాను. ఇంతవరకూ, నా అదృష్టం, సరిగ్గానే చెప్పానట.

“దాన్లోకి తూటాలు రెండు రకాలున్నాయి మావా. ఒకటి యాభై అయిదు గ్రెయిన్ల బరువు, ఒకటి వంద. తేలికది మా జోరుగా పోతాది. బరువుది కొంచెం నిదానం. ఏది ఎట్టమంటావు?”

“మీ ఓనరు ఏటన్నాడు?”

“ఆయన్ని అడగలేను. మా మావ పెద్ద వేటగాడు, నాకన్నీ నేర్పాడని సెప్పీసినాను. అందుకే మొదటి దెబ్బ నన్నే కొట్టమన్నాడు.”

అక్కడ ఆగాల్సింది. సిగ్గుపడకుండా ఆయన్నే అడుగు నాయనా, అంటే సరిపోయేది. కానీ పక్కన మా ఆవిడ అన్న ఉన్నాడు. వల అల్లే సూది పళ్ల మధ్య పెట్టుకుని, “సెప్పు బావా. పదకొండు కొట్టినోడివి, నీకు తెలీందేటుంది” అన్నాడు. నేను ఆ వెటకారానికి జవాబు చెప్పాను. ఫోన్లో ఉన్నవాడికి కాదు.

నాకు తెలిసిన వేట ఒకటే, గాలం వేట. పెద్ద వంజరం చేపకైనా తంగూసు, అదే గాలపు దారం, సన్నదే కట్టాలి. లావు దారమైతే చేప నీళ్లలోనే పసిగడుతుంది. గాలం దిగాక లాక్కూడదు, దారం వదలాలి. అది ఎంత పరిగెత్తితే మనకంత మంచిది. అలిసి, తనంత తనే పడవ పక్కకొచ్చి ఒరుగుతుంది. మా నాన్న నాకు నేర్పింది అదే, నేను వీడికి నేర్పిందీ అదే. దాన్ని తీసుకెళ్లి దుప్పికి తగిలించాను.

“తేలికదే ఎట్టు. జోరుగా పోయేదే మంచిది. తగిలాక పరిగెడతాది, కంగారు పడకు. ఎంటనే ఇంకోటి కొట్టకు. పరిగెట్టనీ. అలిసిపోయి అదే పడతాది.”

“నాను కూడా అదే అనుకున్నాను మావా,” అన్నాడు వాడు సంతోషంగా. గాలం వాడికీ వచ్చు మరి. ఆ గోడ దగ్గర ఒక్కరు కూడా అది తప్పనలేదు. అందరం గాలం వాళ్లమే. ఆ పూట టీలు నేనే ఇప్పించాను.

తర్వాతి వారం, నేను ఇంట్లో ఒక్కణ్ణే ఉండగా మళ్లీ ఫోన్ వచ్చింది.

“కొట్టాను మావా.”

“పడ్డాదా?”

“తగిలింది,” అన్నాడు.

కొండవాలులో ఆడ దుప్పి మేస్తోందట. గురి తప్పలేదు, భుజం మీదే కొట్టాడు. కానీ ఆ తేలిక తూటా ఎముకకు తగలగానే ముక్కలైపోయింది, లోపలికి దిగలేదు. అది కుందేళ్ల లాంటి చిన్న ప్రాణులకు వాడే రకం. వంద గ్రెయిన్లదైతే ఎముక దాటి గుండె దాకా పోయేది. దుప్పి మూడు కాళ్ల మీద లేచింది. ఓనరు తన తుపాకీ ఎత్తాడు. వీడు చెయ్యి అడ్డం పెట్టి, వద్దు, పరిగెత్తనివ్వండి, అలిసి పడిపోతుంది అన్నాడు. వీడు వేట తెలిసినవాడని నమ్మి ఆయన తుపాకీ దించేశాడు.

ఆ చెయ్యి మాత్రమే వాడిది. మాట నాది.

తూటాకు తంగూసు ఉండదు. మన చేతిలో ఏ కొసా మిగలదు. దుప్పి అడవిలోకి పోయింది. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెతికారు, దొరకలేదు. మర్నాడు పొద్దున్న ఒక గెడ్డలో, పారే నీళ్ల పక్కన కనిపించింది. ఇంకా బతికే ఉంది. ఓనరే పని ముగించాడు.

“సూసింది మావా. మేం దగ్గరికెళ్తంటే లెగలేదు. ఊరికే అలా సూసింది.”

“మీ ఓనరు ఏటన్నాడు?” అన్నాను. మళ్లీ అదే ప్రశ్న, నాకు వేరే ఏమీ తట్టనట్టు.

“తిట్టలేదు. కారు దిగినప్పుడు, ఈ తూటా మీ మావే సెప్పాడా అనడిగాడు. కాదు, మావ వందే సెప్పాడు, నానే మర్సిపోయాను అన్నాను. నీ పేరెందుకు సెడగొట్టడం.”

“వంద అని నాను సెప్పలేదురా.”

“తెలుసు మావా. నీకూ గుర్తు తప్పుంటాది. వయసు కదా.”

ఆ సందులోంచి హాయిగా బయటపడొచ్చు. వయసును అడ్డం పెట్టుకుని నేను కరెంటు బిల్లు దగ్గర్నుంచి పెళ్లి భోజనాల దాకా ఎన్ని తప్పించుకున్నానో. ఆ రోజు మాత్రం వాడు దారి చూపించిన కొద్దీ అటు కాలు పడలేదు.

“గుర్తు తప్పలేదు. నాకు తెలీనే తెలీదు. నాను దుప్పిని సూసిందే జూలో.”

“మరి దొరగారు?”

“లేడు.”

“పదకొండు?”

“ఒకటీ లేదు. బుడగలు కొట్టాను, బీచ్‌లో.”

అటువైపు ఏదో ఇంజిన్ ఆడుతున్న చప్పుడు.

“నీ కతల్లో ఏదీ పరిగెట్టేది కాదు కదా మావా,” అన్నాడు. “నువ్వు పరిగెట్టనీ అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నాదే బుద్ది తక్కువ.”

అదీ తన మీదే వేసుకున్నాడు.

“మీ ఓనరుకి ఫోనియ్యి. నానే సెప్తాను.”

“నువ్వు సెప్పి ఇప్పుడు ఏటి సేత్తావు. నాను సెప్తాలే.” మళ్లీ, “సేపల కతలైనా నిజమేనా?” అన్నాడు.

“అవి నిజమే. బరువు మాత్రం సగం సేసుకో,” అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పనుంది మావా అని ఫోన్ పెట్టేశాడు.