అరవై దాటితే వణికే బండి

అన్నూరులో నాకు పిల్లనిచ్చిన మామ టైర్ల షాపు. నా బైకు ముందు టైరు అరిగిందని అక్కడికే తీసుకెళ్లాను. ఆయన తన చేత్తోనే కొత్తది ఎక్కించి, కాఫీ తాగించి పంపారు. కోయంబత్తూరు తిరిగొస్తుంటే వేగం అరవై దాటగానే హ్యాండిల్ వణికింది. తగ్గిస్తే ఆగింది.

ఆదివారం బోడినాయకనూరులో మా స్నేహితుడి గృహప్రవేశం. ఈ బండి మీదే పోవాలి. వెనక కూర్చునేది నా భార్య.

మా ఇంటికి దగ్గర గాంధీపురంలో మెకానిక్కులకు కొదవ లేదు. కానీ మామ బిగించిన చక్రాన్ని ఇంకొకడు విప్పితే ఆ కబురు నాకంటే ముందే అన్నూరు చేరుతుంది. ఆపైన అది టైరు సంగతిగా మిగలదు.

"మీ నాయన చేసింది సరిగా లేదని నువ్వే చెప్పు" అన్నాను భార్యతో.

"నేనా? పెండ్లిలో ఆయన చేత కాళ్లు కడిగించుకునింది మీరు. మీరే చెప్పండి."

మళ్లీ అన్నూరు వెళ్లాను. మామ ఇరుసు నట్టు బిగించి, చక్రాన్ని ఊపి బేరింగులు చూశారు. వదులు లేదు.

"రోడ్డు బాగలేకుంటే టైరు ఏం చేస్తాది మాప్పిళ్లె?" అన్నారు, అల్లుణ్ని అరవంలో పిలుస్తూ. " సుమ్మా, ఊరికే నీ భయం."

ఒక చుట్టు తిరిగొచ్చాను. వణుకు అలాగే ఉంది. బండికి స్టాండు వేసి, ముందు చక్రం పైకి లేచేలా వెనక బరువు పెట్టి తిప్పాను. రిమ్ము అంచు వెంట టైరు మీద ఒక సన్నని గీత ఉంటుంది. చుట్టూ ఒకేలా కనపడాలి. ఒకచోట అది రిమ్ములోకి దిగిపోయింది. టైరు అక్కడ సరిగ్గా కూర్చోలేదు.

"ఏంటికి అట్లా వంగి చదవతా ఉండావు? పేపర్లో వేస్తావా?" అన్నారు మామ. షాపు ముందు బెంచీ మీద కూర్చున్న చుట్టాలు నవ్వారు.

"ఈ గీత ఇక్కడ కనపడటం లేదు మామా."

ఆయన వంగి గీత వెంట వేలు పోనిచ్చారు. దిగిపోయిన చోట వేలు ఆగింది. బెంచీ వైపు చూసి నిటారుగా లేచారు.

"అంత దూరం ఆడపిల్లను వెనక కూర్చోబెట్టుకొని ఎవుడన్నా పోతాడా? బస్సులో పొండి. బండి ఈడనే ఉండనీ."

తాళంచెవి కోసం చెయ్యి చాచారు. ఇచ్చాను.

ఆదివారం బస్సులో ఉండగా ఫోను చేశారు. "గాలి దించి, సబ్బునీళ్లు పూసి మళ్లీ కొట్టినాను. సుమ్మానే. నీ వెనక టైరూ అరిగి పోయుండాది. కొత్తది ఎక్కిస్తా ఉండాను."

పక్కన నా భార్య కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది.

"సరే మామా" అన్నాను.