పుట్టికి ముందు వైపు ఏది?

మా వియ్యపురాలిది ఆదోని. పత్తి మిల్లులో మిషన్ల మధ్య ఏళ్ల తరబడి పని చేయడం వల్ల ఆమెకు గట్టిగా మాట్లాడటం అలవాటు. పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు ఏట్లో చేప పడక, కోడిగుడ్ల పులుసు పెట్టి పంపించాను. తుంగభద్ర ఒడ్డున ఇల్లు, వల తప్ప వేరే పని తెలియని మొగుడు, కంచంలో కోడిగుడ్డు! ఆమె ఊరుకుంటుందా? ఆదోనిలో బస్టాండు నుంచి పత్తి యార్డు దాకా అందరికీ చెప్పుకుంది. ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట.

"ఏమొదినా, మీ ఏట్లో కోళ్లు బాగా ఈదుతాండాయా?"

ఈ వేసవిలో మళ్లీ వస్తానంది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి. ఈసారీ చేప పెట్టలేకపోతే ఆమె నోటి ముందు నేను బతికినన్నాళ్లూ తల ఎత్తలేను. మా ఆయన అప్పటికే మూడు రోజులుగా వల వేస్తున్నాడు. ఎండాకాలం ఏరు పారడం ఆగిపోయి మడుగులుగా మిగులుతుంది. మా ఊరి ముందు మడుగులో వాలుగ చేపలు ఉన్నాయని అందరికీ తెలుసు. బండల మధ్య ఏ మూల దాక్కున్నాయో మాత్రం తెలియదు. వలలో పిల్లచేపలే పడుతున్నాయి.

శనివారం మా తమ్ముడు అట్టపెట్టె పట్టుకుని దిగాడు. వాడు కర్ణాటక వైపు ఒక డ్యాం దగ్గర, షోకుకు గాలం వేసే పట్నం వాళ్లకు మోటారు పడవ నడుపుతాడు. వాళ్లలో ఒకాయన కొత్త సోనార్ కొనుక్కుని పాతది వీడికి ఇచ్చేశాడట. చిన్న టీవీ లాంటి తెర, ఒక వైరు, కడ్డీ చివర పిడికిలంత నల్లటి ముద్ద. ఆ ముద్దను నీళ్లలో ముంచితే అది ముందుకు శబ్దం పంపుతుంది. ఆ శబ్దం దేనికి తగిలి వెనక్కి వచ్చినా, అది అప్పటికప్పుడు తెర మీద కనిపిస్తుంది. చేప కదిలితే తెర మీదా కదులుతుంది.

ఆదివారం తెల్లవారగానే ఆటో బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చుకుని ముగ్గురం మా పుట్టి పడవ ఎక్కాం. తమ్ముడు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"బావా, దీన్ని పుట్టికి ముందు దిక్కు కట్టల్ల."

మా ఆయన తెడ్డు ఆపి చూశాడు. "జల్లెడ మాదిరి గుండ్రంగా ఉండాది గదరా. దీనికి ముందు యాడుంటాదో నువ్వే సూపీ."

తమ్ముడు పుట్టి చుట్టూ ఒకసారి చూసి, తన మోకాళ్ల దగ్గరే కట్టేశాడు.

తెర వెలిగింది. దాని నిండా రొట్టెల పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు.

"అబ్బా! ఎన్ని చేపలప్పా!" అన్నాడు మా ఆయన. వల విసిరాడు. చేప కాదు కదా, పాచి కూడా రాలేదు. ఇంకో చోట విసిరాడు. అదే కథ.

"నీ టీవీలో పాత సినిమా ఆడుతాండాదేమో సూడు బామ్మర్దీ," అన్నాడు.

తమ్ముడు ఇంగ్లీషు చదవలేడు. పట్నం ఆయన ఎలా పెట్టి ఇచ్చాడో అలాగే వాడుతున్నాడు. నేను నలభై ఎనిమిదేళ్లకు అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తెలుగు అయ్యాక ఆమె ఇంగ్లీషూ మొదలుపెట్టించింది. అప్పటి నుంచి సబ్బు కవరు దొరికినా, మందు డబ్బా దొరికినా కూడబలుక్కుంటాను. ఇదీ అలాగే మొదలుపెట్టాను. రేంజ్ అని ఉన్న చోట నూట ఇరవై. డెప్త్ అని ఉన్న చోట అరవై. గెయిన్ అని ఉన్న చోట తొంభై ఐదు.

"అరవై అంటే ఏందిరా?"

"లోతక్కా. అడుగుల్లో."

"మన మడుగు రెండు బారల లోతు గదరా. పన్నెండు అడుగులు. ఇది డ్యాం లోతు పెట్టుకొని ఈడ ఎతుకుతాండాది."

లోతు పదిహేనుకు, ముందు దూరం నలభైకి తగ్గించాను. బొమ్మ పెద్దదైంది కానీ పిండి పోలేదు. గెయిన్ ఎక్కువైతే నీళ్లలోని నలకలు కూడా చేపల్లా మెరుస్తాయని తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది. తొంభై ఐదు నుంచి ఎనభై, డెబ్బై. అరవై దగ్గర పిండంతా కరిగిపోయి, నల్లటి తెర కింద గట్టి గీతలాగా మడుగు అడుగు కనిపించింది. ఇంకా తగ్గిస్తే ఆ గీత కూడా మసకబారింది. మళ్లీ అరవైకి తెచ్చి వదిలేశాను.

ఒక బండ కనిపించింది. దాని పక్కన పొడుగాటి మెరుపు. "అదో!" అనేలోగా మాయమైంది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది.

"పారిపోతాండాది బావా," అన్నాడు తమ్ముడు.

చేప పారిపోతే బండ కూడా ఎందుకు పారిపోతుంది? మా ఆయన తెడ్డు వేసినప్పుడల్లా పుట్టి ఒక పక్కకు తిరుగుతోంది. గాలి ఇంకో పక్కకు తిప్పుతోంది. కదులుతున్నది చేప కాదు, మేమే.

మా అత్త గుర్తొచ్చింది. గాలి ఉన్న రోజుల్లో ఆమె పుట్టి వెనక ఒక గంపను తాడుతో నీళ్లలోకి వదిలేది. నీళ్లు నిండిన గంప వెనక్కి లాగి పట్టుకుంటే పుట్టి తిరగదు. మా దగ్గర గంప లేదు. నీళ్లు తోడి పోసే ప్లాస్టిక్ బకెట్ ఉంది. కడ్డీకి సరిగ్గా ఎదురు అంచున దాన్ని కట్టి వదిలాను.

"ఇప్పుడు ఎనక ఏదో తెలిసిందా? దానికి ఎదురుగా ఉండేదే ముందు," అన్నాను.

"ముప్పై ఏండ్లు తెడ్డేసినా నాకు తోచలేదు," అన్నాడు మా ఆయన. ఆయన నన్ను మెచ్చుకోవడం అంటే అంతే.

తెర కుదురుగా నిలిచింది. బండ, పక్కన ఆ మెరుపు.

"పద్దెనిమిది అడుగులు," అన్నాను.

"అడుగులు గిడుగులు నాకొద్దు. బారల్లో సెప్పు."

"మూడు బారలు మామా. నేరుగా," అన్నాను.

ఆయన లేచి విసిరాడు. వల పూర్తిగా విచ్చుకుని పడింది. తాడు గుంజితే పుట్టి ఒరిగింది. తమ్ముడు బ్యాటరీని ఒళ్లోకి తీసుకుని కావలించుకున్నాడు. వలలో మా ఆయన చేయంత పొడుగు వాలుగ.

మధ్యాహ్నం వియ్యపురాలు ఆటో దిగుతూనే నా చేతిలో ఒక సంచి పెట్టింది. లోపల పత్తి. పత్తిలో అర డజను కోడిగుడ్లు.

"మీకు కష్టమైతాదని నేనే తెచ్చినా. పగలకుండా మా మిల్లు పత్తిలో పెట్టుకొచ్చినా సూడు."

నేను జొన్న రొట్టె, వాలుగ పులుసు వడ్డించాను. మూడు ముక్కలు అయ్యేదాకా ఆమె తినడానికి తప్ప నోరు తెరవలేదు. మా ఇంట్లో ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

"టీవీలో సూసి పట్టినారంట గదా," అంది చివరికి. "తల ముక్క ఉంటే ఇట్లెయ్యి."

సాయంత్రం ఆదోని బస్సు ఎక్కేటప్పుడు ఆ సంచి ఆమె చేతిలోనే పెట్టాను.

"జాగ్రత్త వదినా, పగిలిపోతాయి. ఇంటికి పోయి పులుసు పెట్టుకో."

బస్సు కదిలేదాకా కిటికీలోంచి ఏదో అరుస్తూనే ఉంది. గుడ్లను మాత్రం ఒళ్లో భద్రంగా పట్టుకుంది.