శెట్టిగారి కారు రేడియో, మా అవ్వ దూడ

పాసయ్యాను. బి.ఎస్సీ. పాసయ్యాను. మా ఇంట్లో సంతకం పెట్టడం నేర్చిన మొదటివాడు మా నాయన, డిగ్రీ తెచ్చిన మొదటివాణ్ణి నేను. ఆ కబురు చెప్పడానికే కర్నూలు తపాలాఫీసులో ట్రంకాల్ కోసం కూర్చున్నాను. లైను కలిసేలోగా పోయిన నెల నేను చేసిన ఘనకార్యం చెబుతాను. వింటే, వీడికి డిగ్రీ ఇచ్చిందెవరని అడుగుతారు.

మా నాయన మైదుకూరు శెట్టిగారి కారు డ్రైవరు. ఆ కారులో కంపెనీవాళ్లు బిగించి పంపిన రేడియో కంటే డబ్బాలో పడ్డ తుమ్మెద నయం. పరీక్షలు రాసి ఇంటికొచ్చిన నాకు చేతులు ఊరుకోలేదు.

"ఏం చేస్తాండావురా?" అన్నాడు నాయన.

"సౌండు పెంచుతాండా నాయినా. ఫిజిక్సు."

ఫిజిక్సు అనగానే నాయన వెనక్కి తగ్గాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. టెంటు సినిమావాళ్ల దగ్గర పాత ఆంప్లిఫయరు, బిందెంత స్పీకరు అడిగి తెచ్చి డిక్కీలో కూరాను. చోటు చాలక, ఇంజను తిప్పే ఇనుప హ్యాండిల్ తీసి మా దొడ్లో పడేశాను.

మర్నాడు శెట్టిగారు నందికొట్కూరు వియ్యంకుణ్ణి మహానందికి తీసుకెళ్తూ నన్నూ ఎక్కించుకున్నారు. రేడియో మోగితే పొలాల్లో ఎద్దులు తలలెత్తి చూశాయి.

"శానా బాగుండాదప్పా," అన్నారు వియ్యంకుడు. నేను సీట్లో జానెడు పెరిగాను.

దారిలో కారాపి, రేడియో ఆపకుండా చిత్రాన్నం తిన్నాం. చేతులు కడుక్కునేసరికి బ్యాటరీ ప్రాణం విడిచింది.

"హ్యాండిల్ తియ్యప్పా," అన్నారు శెట్టిగారు.

నాయన డిక్కీ తెరిచి నావైపు తిరిగాడు. "యాడరా?"

"దొడ్లో."

మా వైపు వియ్యంకుడికి మంచినీళ్లు ఆలస్యమైతేనే పదేళ్లు చెప్పుకుంటారు. ఆయన జరీపంచె ఎగ్గట్టి, నా పక్కన నిలబడి కారు తోశారు. ఎంత దూరమో మీరు అడగొద్దు, నేను చెప్పను.

ఇంటికొచ్చి చూస్తే దొడ్లో హ్యాండిల్ లేదు. "అది దొరికేదాకా స్టీరింగు ముట్టొద్దప్పా," అన్నారు శెట్టిగారు నాయనతో. నెలైంది. నాయన శెట్టిగారి కొట్లో బస్తాలు లెక్కపెడుతున్నాడు.

ఇదిగో, లైను కలిసింది. శెట్టిగారు నాయనను పిలిచి ఫోనిచ్చారు.

"పాసైనా నాయినా."

"ఇంగోసారి చెప్పు."

చెప్పాను.

"ఇంగోసారి."

"మూడు నిమిషాలే నాయినా."

"సరే, విను. హ్యాండిల్ దొరికింది. మీ అవ్వ దాన్ని దూడకు గుంజగా కొట్టుకున్యాది. పీకనియ్యదు. పడేసిన మనవడే వచ్చి పీకల్లంట."

"శెట్టిగారేమన్యారు?"

"నవ్వుతాండాడు. రేపు నిన్ను తెచ్చేకి నన్నే కారు తీసుకపొమ్మన్యాడు."

ఇకమీదట కంపెనీవాడు బిగించిన ఒక్క మరనైనా తాకనని, తపాలాఫీసు జిగురు డబ్బా మీద చెయ్యేసి ఒట్టు పెట్టాను.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: నంద్యాల నూనెమిల్లులో మా మేనమామ. మా ఇంటి పక్క డాక్టరుగారు, అవ్వను పిలిపించడానికి. టెంటు సినిమా ఓనరు, స్పీకరు అడక్కముందే. నందికొట్కూరు వియ్యంకుడుగారు. ఆయనకు ముందు పాసయ్యానని చెప్పి, తర్వాత పేరు చెబుతాను.