ఒక ప్రింటరు, మూడు ప్రోగ్రాములు

ఎనభైల చివర్లో నేను నందిగామ నుంచి జగ్గయ్యపేట దగ్గరున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీకి రోజూ బస్సులో వెళ్లి పనిచేసేదాన్ని. లెక్కల్లో డిగ్రీ, బెజవాడలో ఆరునెలల కంప్యూటర్ కోర్సు. నా సరంజామా అంతే. ఫ్యాక్టరీవాళ్లకు అదే చాలా ఎక్కువనిపించింది. చెప్పులు బయట విడిచి రమ్మని, ఏసీ గదిలో కూర్చోబెట్టారు.

ఆ గదిలో బీరువా అంత మిషను. దాని కడుపులో మూడు బోర్డులు, ఒక్కోదానిలో ఒక్కో ప్రోగ్రాము. ఒకటి కిల్న్, అంటే సున్నపురాయిని కాల్చే పెద్ద కొలిమి, ఎంత వేడిగా ఉందో కనిపెట్టుకుని ఉండేది. రెండోది కార్మికుల హాజరు చూసేది. మూడోది లోడయిన లారీలకు చలానాలు తయారుచేసేది. మూడూ ఒకేసారి నడవడమే ఆ మిషను గొప్ప. దాన్ని బిగించిన ఇంజనీరు గారు "ఒకదాని కోసం ఇంకొకటి ఆగదమ్మా" అని మురిపెంగా చెప్పి, లావుపాటి మాన్యువల్ నా చేతిలో పెట్టి మద్రాసు రైలెక్కేశారు. మూడింటికీ కలిపి ప్రింటరు ఒక్కటేనన్న సంగతి ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక లారీ డ్రైవరు చలానా పట్టుకుని చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు. పొద్దున రెండు వందల బస్తాలతో నందిగామ గోడౌనుకు వెళ్లినవాడు, లారీ అక్కడ వదిలేసి బస్సులో తిరిగి వచ్చాడట.

"దించుకోనంటన్నారు మేడమ్‌గారూ. బస్తాలు చల్లారాక దించుకుంటారంట."

"చల్లారడమేమిటి?"

"మీరే రాసారు గదండీ."

చలానా తీసుకుని చూశాను. మొదటి వరసలో సిమెంటు బస్తాలు రెండు వందలు. దాని కింద, ఉష్ణోగ్రత పద్నాలుగు వందల డిగ్రీలు. ఆ కింద, ఈ రోజు సెలవు. మూడు ప్రోగ్రాములూ తలా ఒక వరస పంపితే ప్రింటరు వచ్చింది వచ్చినట్టు కొట్టేసింది.

"వాళ్లు బస్తాలు ముట్టుకుని చూడలేదా?"

"చూసారండీ. చల్లగానే ఉన్నయ్. కానీ కాగితం మీద అట్టా లేదు గదా, రేపేదన్నా అయితే ఎవరు పూచీ అంటన్నాడు గోడౌనాయన. సెలవురోజు లోడెట్టా ఎత్తారని కూడా అడిగాడు. చల్లారినయ్ అని ఒక ముక్క రాసియ్యండి, పోతా."

రాసిచ్చాను. "సదరు బస్తాలు చల్లగా ఉన్నవని ధ్రువీకరించడమైనది" అని సంతకం పెట్టి, ముద్ర కూడా వేశాను. నా ఉద్యోగంలో నేనిచ్చిన మొదటి సర్టిఫికెట్ అదే.

అతను అటు వెళ్లాడో లేదో, కిల్న్ ఫోర్‌మన్ ఇంకో కాగితంతో వచ్చారు. "నిన్న మా కిల్న్ అరగంట లేటుగా డ్యూటీకొచ్చిందంటమ్మా. మెమో ఇవ్వమంటారా?" అన్నారు, నవ్వకుండా.

ఆ వారమంతా మాన్యువల్ తిరగేసి, ప్రింటరుకు తాళం పద్ధతి పెట్టాను. ప్రింటరు కావలసిన ప్రోగ్రాము ముందు తాళం తీసుకోవాలి. తన కాగితం పూర్తయ్యే దాకా వదలకూడదు. మిగతావి బయట నిలబడాలి. రెండు రోజులు కాగితాలు ముత్యాల్లా వచ్చాయి. ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ మర్నాడు పదకొండింటికి ప్రింటరు ఆగిపోయింది. దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఏదీ చెడిపోలేదు, కానీ ఏదీ కదలదు. గంటసేపు తల పట్టుకున్నాక అర్థమైంది. చలానా ప్రోగ్రాము ప్రింటరు తాళం తన దగ్గర పెట్టుకుని, బస్తాలు ఏ విడత సరుకో తెలిపే లాటు నంబరు చెప్పమని కిల్న్ ప్రోగ్రామును అడిగింది. కిల్న్ ప్రోగ్రామేమో, ముందు నా వేడి వివరాలు ప్రింటయితేగానీ చెప్పనని అదే తాళం కోసం నిలబడింది. దాని జవాబు కోసం ఇది, దీని తాళం కోసం అది. వాటి వెనకాల హాజరు. బయట గేటు దాకా లారీలు.

"ఇయ్యాళ మౌనవ్రతమా అమ్మా?" అని ఫోర్‌మన్ తలుపులోంచి పలకరించి పోయారు. మిషను ఆపి మళ్లీ వేశాను. అరగంట నడిచి, మళ్లీ అక్కడే బిగుసుకుంది. ఇక నన్ను తీసుకెళ్లి టైపు మిషను ముందు కూర్చోబెడతారని భయం పట్టుకుంది.

లారీలు కదలడానికి గుమస్తా గారిని పిలిపించారు. ఏళ్ల తరబడి చలానాలన్నీ ఆయన చేత్తోనే రాసేవారు. కంప్యూటరొచ్చాక ఆయనకు ఆఫీసు తపాలా ఒక్కటే మిగిలింది. నా గదిలోనే ఒక మూల కూర్చుని, కార్బన్ పెట్టి, పాత పుస్తకంలో చకచకా రాయడం మొదలుపెట్టారు.

"ఏందమ్మాయ్ దీని జబ్బు?" అన్నారు తలెత్తకుండానే.

చెప్పాను. ఆయన కలం ఆపారు. "అసలు మూడూ ప్రింటరు దగ్గరికి ఎందుకు పోవాలి?"

"ప్రింటు చేసుకోవాలి కదండీ."

"మన ఆఫీసులో ఆరు సెక్షన్లున్నయ్. ఉత్తరం రాసినోళ్లంతా పోస్టాఫీసుకి పరిగెడతన్నారా? పూర్తిగా రాసి, పైన సెక్షన్ పేరేసి, నా ట్రేలో పడేసి వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. పోస్టు సంగతి నాది. సగం రాసిన ఉత్తరం మాత్రం నేను ముట్టుకోను."

"అర్జంటయితేనండీ?"

"పైన ఎర్ర సిరాతో రాస్తారు. అది ముందు పోద్ది."

"రెండు సెక్షన్లూ అర్జంటంటే?"

"ముందొచ్చింది ముందు. అలిగేవాళ్లు అలుగుతారు."

ఆ సాయంత్రం బస్సులో కూర్చునే కాగితం మీద గీయడం మొదలుపెట్టాను. పది రోజుల్లో నాలుగో ప్రోగ్రాము తయారైంది. ప్రింటరును అదొక్కటే ముట్టుకుంటుంది. మిగతా మూడూ పూర్తయిన కాగితాలు దానికి అప్పజెప్పి తమ పనికి పోతాయి. లాటు నంబరు అడిగితే చెప్పడానికి కిల్న్ ప్రోగ్రాము ఖాళీగా దొరుకుతుంది. ఆ నాలుగోదానికి 'గుమస్తా' అనే పేరు పెట్టాను.

మొదటి రోజు ఒక షిఫ్టు హాజరు అసలు బయటికే రాలేదు. చూస్తే, కాగితం ముగిసిందన్న గుర్తు హాజరు ప్రోగ్రాములో పెట్టడం నేనే మరిచిపోయాను. అది తెలిసి గుమస్తా గారు పొంగిపోయారు. "సగం ఉత్తరం తీసుకోలేదు చూసావా!" అని ఫోర్‌మన్‌కు కూడా వెళ్లి చెప్పొచ్చారు.

ఆ గుర్తు పెట్టాక, నేను అక్కడ ఉన్నన్నాళ్లూ చలానాలో వేడి రాలేదు, కిల్న్ డ్యూటీకి ఆలస్యం కాలేదు. లారీలు ఆగకుండా చలానాలు అందించే పని గుమస్తా గారికే ఇచ్చారు. నేను సరిచూసిన చలానాలు ఆయన చేతిమీదుగానే గేటుకు వెళ్లేవి. ఒకరోజు భోజనాలయ్యాక వచ్చి, మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"దీనికి మధ్యాహ్నం విరామం ఉందా?"

"లేదండీ."

"సెలవులు?"

"లేవండీ."

"ఆఫీసర్లు అరిస్తే?"

"దానికి వినపడదండీ."

"ఆ ఒక్కటీ బాగుంది" అని, తపాలా ట్రే చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.