దగ్గుమందు బొమ్మ

యాన్బు నుంచి జెద్దా వెళ్ళే బస్సులో నా పక్క వరసలో ఒక తెలుగు నర్సు కూర్చుంది. ఒళ్ళో నాలుగేళ్ళ పాప ఆగకుండా దగ్గుతోంది.

"ఆస్పత్రిలో చూపించలేదా అమ్మా?" అన్నాను, పెద్ద తెలివైనవాడిలా.

"నేను పనిచేసేది ఆస్పత్రిలోనే అన్నయ్యా. సౌదీవాళ్ళకి ఇన్ని ఉద్యోగాలివ్వాలన్న నితాకత్ లెక్కలో, మమ్మల్ని పెట్టుకున్న కంపెనీ రెడ్‌లో పడింది. ఇక్కడ ఉండడానికిచ్చే ఇకామాలు రెన్యువల్ కాలేదు. పాప ఇన్సూరెన్సూ పోయింది."

బైబిల్లోంచి ఒక పాత అట్టముక్క తీసింది. గొర్రెపిల్లని ఎత్తుకున్న తెల్లపిల్ల రంగుల బొమ్మ. విక్టోరియా రాణి కాలంలో, మిషను బడి దొరసాని ఈమె అమ్మమ్మగారి అమ్మమ్మకి బహుమతిగా ఇచ్చిందట. వెనక బైబిలు వాక్యం రాసిన కాగితం అంటించి ఉండేదట. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఆ వాక్యం వైపు గుండెకి ఆనించి ప్రార్థన చేసేవారట.

"ఇక్కడి ఎండకి బంక ఊడి వాక్యం కాగితం రాలిపోయింది. కింద ఏముందో చూడండి."

చూశాను. ఇంగ్లీషులో దగ్గుమందు ప్రకటన. సీసాలు అమ్ముకోడానికి కంపెనీవాళ్ళు ఊరికే పంచిన కార్డు అది.

"ఇంట్లో చెప్పావా?"

"లేదు. అమ్మ పోయేటప్పుడు కూడా గుండె మీద ఇదే పెట్టాం."

పాపకి మళ్ళీ దగ్గు తెర వచ్చింది. ఆమె పాప గౌను గుండీ విప్పి, మందు పేరున్న వైపు గుండెకి ఆనించి కళ్ళు మూసుకుంది.

జెద్దా వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.