ఎండ చూపించాల్సిన ఫిల్ము

"నేను పిలిచేదాకా తలుపు తియ్యాకు మే."

"తియ్యనులే పో. నువ్వు పిలవడం మరిచిపోవాకు."

మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకున్న మాటలు ఇవే. మొగుడూ పెళ్లాల ఆఖరి మాటలంటే ఏదో గొప్పగా ఉంటాయనుకుంటారు. మావి తలుపు గురించే. నిన్న ఇంటికి సున్నం వేయాలని గోడల మీది పటాలన్నీ దించారు. నా నోటి వెంట విని ఇదంతా రాస్తున్న మా మరిది మనవరాలు ఒక చిన్న పటం పట్టుకొచ్చి, "అవ్వా, ఈ నల్లద్దం దేనికి? మొగం గూడా కనపడదు, పారేద్దామా?" అంది. కిటికీ కాడికి పోయి ఎత్తి పట్టుకోమన్నాను. పట్టుకుంది. "ఇది ఎవరు తీశారవ్వా?" అంది. అందుకే చెబుతున్నాను, ఉన్నదున్నట్టు రాసుకోమన్నాను.

మా ఆయనది కర్నూలు పాత ఊళ్లో ఫొటో స్టూడియో. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊరంతా డేరాలు, ఆఫీసులు. మాకూ మంచి రోజులొచ్చాయనుకున్నాం. రాజధాని వెంబడే మద్రాసు నుంచి పెద్ద పెద్ద లైట్లున్న స్టూడియోలు కూడా వచ్చాయి. బతికున్నవాళ్లంతా అక్కడికి పోయారు. మాకు చచ్చినవాళ్లు మిగిలారు. ఎవరింట్లో చావు జరిగినా మా ఆయనకే కబురొచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా తువ్వాలతో వెనక్కి కట్టి, తలమీద చెయ్యి పెట్టి ఏడవబోయేవాళ్లను పక్కకు జరిపి ఫొటో తీసేవాడు. వాటికి రంగులు పూసే పని నాది. అక్షరం ముక్క రాదు గానీ సన్న కుంచె పట్టుకుంటే నా చెయ్యి వణకదు. పెదవులకు ఇంత, చెంపలకు ఇంత. ముత్తయిదువ పోతే నుదుటన కుంకుమ మాత్రం బాగా ఎర్రగా పెట్టమని ఇంటివాళ్లు మరీ మరీ చెప్పేవాళ్లు. నలుపు తెలుపు ఫొటోలో కుంకుమ నల్లగా పడుతుంది, బొగ్గుతో పెట్టినట్టు. ఎంతమందికి ఎరుపు పూశానో నాకే తెలియదు. మా ఆయన మాత్రం ఆ పటాలు చూసినప్పుడల్లా మొహం చిట్లించేవాడు. "ఇది నువ్వు పూసిన ఎరుపు మే. ఆయమ్మ ఎరుపు కాదు," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. "అయితే ఆయమ్మనే లేసొచ్చి పూసుకోమను," అనేదాన్ని.

అట్లా పట్టింది ఆయనకు రంగు ఫిల్ము పిచ్చి. రంగు కాగితం మాకు దొరికేది కాదు, దొరికినా దాన్ని కడిగే యంత్రాలు లేవు. అందుకని ఆయన వేరే దారి వెతికాడు. ఫిల్మునే రెండుసార్లు కడిగితే అదే పటమైపోతుందట. మొదట కటిక చీకట్లో ఒక మందులో కడగాలి, నీళ్లలో వేయాలి, ఆ తర్వాత బయట ఎండ చూపించాలి, మళ్లీ రంగు మందులో ముంచాలి, ఆఖరున ఇంకో మందుతో నలుపు తీసేయాలి. కాగితం పని లేదు, ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మనిషి నిజం రంగుల్లో కనపడతాడు. మద్రాసు నుంచి తెచ్చిన ఫిల్ముతో మొదట చేసి చూశాడు. ఆ కొత్త రకం ఫిల్ముకు లోపలే నారింజ పూత ఉంటుందంట. ఎంత కడిగినా పోదు. పటమంతా పసుపుపచ్చగా వచ్చింది. "ఇదేందయ్యా, ఊరందరికీ కామెర్లొచ్చినట్టుండాది," అన్నాను. ఆయన కూడా నవ్వాడు. నవ్వాడే గానీ, ఆ పూత లేని ఫిల్ము ఎక్కడ దొరుకుతుందని ఆ రోజు నుంచి కనపడిన ప్రతి మనిషినీ అడగడం మొదలుపెట్టాడు.

దొరికింది కడపలో. పులివెందుల వైపు ఒక పెద్దరెడ్డి పోతే ఫొటోకు పిలిచారు. ఆ దగ్గర్లోనే రాళ్లను పరీక్ష చేసేవాళ్ల క్యాంపు ఒకటి ఉండేది. రాయి ఏ రంగో తెలియాలని వాళ్లు రంగు ఫొటోలు తీసేవాళ్లు. వాళ్లు కడిగించిన ఫిల్ము ఒకటి ఎండకు ఎత్తి చూస్తే నారింజ జాడే లేదట, నీళ్లంత తేటగా ఉందట. పాత రకం, పోస్టుకార్డంత పలకలు, గడువు దాటిపోయిన పెట్టె. పారేయబోతున్నారు. క్యాంపులో ఉన్నవాళ్లందరికీ ఉత్తపుణ్యానికి గ్రూపు ఫొటో తీసిచ్చి ఆ పెట్టె అడుక్కున్నాడు. వేడి తగిలితే పాడవుతుందని బస్సులో తడిగుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని, పైన తువ్వాల నీడ పట్టుకుని వచ్చాడు. కండక్టరు వంగి చూసి, "ఏమప్పా, పాపనా?" అన్నాడంట. "నిద్రపోతాంది, లేపాకు," అన్నాడంట ఈయన. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి తెగ నవ్వాడు. మాకు పిల్లలు లేరు. నేను నవ్వలేదు.

పెట్టెకు మైనం పూసి, నీళ్లకుండల కింది తడి ఇసుకలో పూడ్చిపెట్టాడు. కుండల కింద బంగారం దాచామని వీధిలో పుకారు. పక్కింటావిడ నీళ్లకొచ్చినప్పుడల్లా ఆ ఇసుక వైపే చూసేది. "కమ్మలు చేయించుకుంటాండావా ఏంది?" అని అడిగేది. ఔనని చెప్పాను. ఆ ఒక్క వేసవి మా వీధిలో నాకు మంచి మర్యాద జరిగింది.

ఫిల్ము దొరికింది గానీ ఎండలు ముదిరాయి. మందు చల్లగా ఉండాలి. మా ఊరి ఎండకు కుండలో నీళ్లే కాగుతాయి. మొదటి పలక మీద పొర పాలమీగడ మాదిరి జారిపోయింది. రెండోది మచ్చలు. రంగు మందు పడక ఆయన చేతులు పొరలు పొరలుగా ఊడాయి, దగ్గు పట్టుకుంది. అన్నం నేనే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. "చలికాలం దాకా ఆగరాదా?" అంటే, "నేనాగుతా, ఫిల్ము ఆగదు మే," అన్నాడు. మిగతావీ అట్లాగే పాడై, ఆఖరి పలక మిగిలింది. దాని మీద నన్ను తీశాడు. ఆకుపచ్చ చీర కట్టించి, పెరటి గోడకు నిలబెట్టాడు. "ఎవురన్నా దుడ్లిచ్చేవాళ్లను తీయరాదా?" అన్నాను. "వాళ్లది రేపు. ఇంతమందికి పూసినావు కదా, నీది మాత్రం పూసింది కాకూడదు," అన్నాడు.

మందు సీసాల మెడలకు దారం కట్టి ముళ్లు వేసుకున్నాడు. ఒక ముడి మొదటి మందు, రెండు ముళ్లు రంగు మందు, మూడు ముళ్లది నలుపు తీసేది. చీకట్లో చీటీలు కనపడవు గదా, తడిమి చూసుకోవాలి. ఆ గదిలో చదువుకున్నవాడైనా ఒకటే, నేనైనా ఒకటే. గడియారం కనపడదు కాబట్టి నోటితోనే లెక్కపెట్టుకునేవాడు. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుందని నన్ను మాట్లాడనిచ్చేవాడు కాదు.

ఆ రోజు మధ్యాహ్నం తలుపు బయట కూర్చుని ఆయన లెక్క వింటున్నాను. నీళ్ల చప్పుడైంది. లెక్క ఆగింది. ఆగితే ఫిల్ము నీళ్లలో పడిందని అర్థం, ఇక పిలుస్తాడు, నేను తలుపు బార్లా తెరవాలి, ఎండ లోపలికి రావాలి. పిలుపు రాలేదు. ఇంకా నాననిస్తున్నాడనుకున్నాను. పటాలకు ఫ్రేములు కట్టే సాయిబన్న వచ్చి, "ఏం చెల్లెమ్మా, ఈడ కూచున్నావు?" అన్నాడు. "ఇంకా పిలవలేదన్నా," అన్నాను. సాయిబన్న తలుపుకు చెవి ఆనించి, నా మొహం చూసి, "తెరువు తల్లీ," అన్నాడు.

తెరిచాను. తొట్టిలో ఫిల్ము, తొట్టి పక్కన ఆయన. ఎండ ఇద్దరి మీదా పడింది.

గుండె ఆగిందన్నారు. మూసిన గది, ఆ వేడి, ఆ మందుల గాలి. జనం వచ్చారు, ఏడుపులు మొదలయ్యాయి. నేను లేచిపోయి ఫిల్మును నీళ్లలోంచి తీసి, క్లిప్పు పెట్టి తీగకు వేలాడదీశాను. ఆ నీళ్లు వేడెక్కితే పొర జారిపోతుంది. ఎవరో ఆడమనిషి, "మొగుడు పడిపోయుంటే ఇది బట్టలారేస్తాంది సూడండే," అంది. అననీ. ఆయన పిలవలేదు గానీ ఎండ పడాల్సిన వేళకే పడింది. అది నాకొక్కదానికే తెలుసు.

పెద్దదినానికి గాజులు తీసి బొట్టు చెరుపుతారు. దానికి ముందురోజు సాయిబన్నను ఐసుగడ్డ తెచ్చిపెట్టమని అడిగాను. ఎందుకని అడగకుండా గోనెసంచిలో పొట్టు వేసి తెచ్చాడు. గది గడప దగ్గర కూర్చుని, "తలుపు మూయల్లా?" అన్నాడు. "ఇంక మూసే పని ల్యాదన్నా," అన్నాను. రెండు ముళ్ల సీసా, నీళ్లు, మూడు ముళ్ల సీసా. మా ఆయన మాదిరే నోటితో లెక్కపెట్టాను. నాకు వచ్చిన అంకెలు అయిపోతే మళ్లీ మొదటికొచ్చాను. నలుపు కొంచెం కొంచెంగా విడిపోయింది. ఒక మూల పొర ఉబ్బింది, గోడ నీలంగా తేలింది, చీర ఆకుపచ్చగానే వచ్చింది. నుదుటన కుంకుమ ఎర్రగా ఉంది. ఎవరూ పూయని ఎరుపు. సాయిబన్న ఎత్తి చూసి, "అల్లా," అని కండ్లు తుడుచుకున్నాడు. రెండద్దాల మధ్య పెట్టి తనే పటం కట్టిచ్చాడు. మర్నాడు నా బొట్టు తీశారు.

నిన్న ఈ పిల్ల దాన్ని కిటికీ కాడ ఎత్తి పట్టుకుంటే నేనూ చూశాను. నీలం పోయింది. ఆకుపచ్చ పోయింది. చీర, గోడ, మొహం అన్నీ ఎర్రబడ్డాయి. కుంకుమ ఎక్కడుందో వెతుక్కోవాలి, అంతా కుంకుమే. కాలం రంగులన్నీ ఒక్కసారే ఎత్తుకుపోదు. ఒక్కొక్కటే తీసుకుపోతుంది. ఆఖరుకు నాకు ఏది వదలాలో ఎవరో దానికి చెప్పినట్టుంది.

చాలమ్మా, ఇంక రాయాకు. మొదటి నుంచి ఒకసారి చదువు, వింటాను. తలుపు కాడికొచ్చినప్పుడు మాత్రం కొంచెంసేపు ఆగి చదువు.